రేడియో ఫోనులో ‘ఊ కొట్టడం’, ‘రావద్దు’, ‘ఉంటానండి’

అమలాపురం నుంచి ప్రశ్న:
హ్యామ్ (లైసెన్సు తీసుకున్న ఔత్సాహికుల) రేడియోలో, చేతి సెట్ల మాటలు అందుకుని దూరానికి మళ్లీ పంపే రిపీటర్‌కి టెలిఫోన్ లైను కలిపి, చేతి సెట్టు మీంచే ఇంటి ఫోనుకి మాట్లాడే ఏర్పాటుని ఆటోప్యాచ్ అంటారు. సెల్‌ఫోన్లు రాకముందు అమెరికాలో విరివిగా వాడారు. మన దేశంలో మామూలు రోజుల్లో బయటివాళ్ల కబుర్లు హ్యామ్ రేడియో మీద నడపకూడదు, విపత్తులప్పుడే వెసులుబాటు. 1996 నవంబరు తుపానులాంటిది మళ్లీ కోనసీమ మీదికొస్తే పనికొస్తాయని ఈ ఫోనులో మాట్లాడే మర్యాదలు తెలుగులో రాసుకుంటున్నాం. ఫోను ఎత్తినవాళ్లతో మొదట ఏమనాలి? ‘మీరు రేడియోలో ఉన్నారు’ అంటే అతకడం లేదు.

రావులపాలెం నుంచి:
ఆ వాక్యం వద్దండి, వినేవాళ్లు ఆకాశవాణి అనుకుంటారు. ఇలా అనండి: ‘ఇది రేడియో మీంచి చేస్తున్న ఫోనండి. మన మాటలు ఇంకా చాలామందికి వినబడతాయి. నేను ఆపాక మీరు మాట్లాడండి.’ రెండో వాక్యం ఎంత తొందరలోనూ వదలకూడదు. అది చెప్పకపోతే అవతలివాళ్లు డబ్బు సంగతులూ, జబ్బు సంగతులూ ఎత్తేస్తారు.

దానికి ముందు పని కూడా రాయండి. ఛానల్లో ఎవరైనా మాట్లాడుకుంటున్నారేమో కాసేపు వినాలి. తర్వాత కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) చెప్పి, ‘ఫోను ప్యాచ్ తీసుకుంటున్నాను’ అనాలి. మాట్లాడే మీట నొక్కి ఉంచి, లైను తీసుకునే కోడ్ అంకెలు ఒక్కొక్కటీ నిదానంగా కొట్టాలి. కోడ్ పైకి చదవకూడదు. అంకెలు కొడుతూ మాట్లాడితే మైకులోకి గొంతు కలిసి, రిపీటర్ ఆ అంకెల టోన్లని పోల్చుకోలేకపోతుంది.

రాజోలు నుంచి:
నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఊ కొట్టడం. మనవాళ్లు ఫోనులో అవతలి మాటకి మధ్యమధ్య ‘ఊఁ’, ‘ఆయ్’ అంటూనే ఉంటారు. అనకపోతే లైను కట్టయిందనుకుని ‘హలో, హలో’ అంటారు. చేతి సెట్టు మన మాట పంపుతున్నంతసేపూ అవతలి మాట అందుకోదు. కాబట్టి ఇంట్లోవాళ్లు కొట్టే ఊ మనకి చేరదు, మనం కొట్టాలన్నా మీట నొక్కితే వాళ్ల మాట మనకి తెగిపోతుంది. అందుకే పొడుగు కబురు ముక్కలు చేసి, ఒక్కో ముక్క చివర ‘విన్నారాండి?’ అని మీట వదలాలి. ‘ఆయ్, విన్నానండి’ అన్నాకే తర్వాతి ముక్క. చాలా రిపీటర్లలో సుమారు మూడు నిమిషాల టైమర్ ఉంటుంది, ఆపకుండా మాట్లాడితే అదే కోసేస్తుంది.

‘ఓవర్’ అంటే ఇంట్లోవాళ్లకి తెలియదు. ‘చెప్పండి’ అంటే చాలు.

రావులపాలెం నుంచి:
మీట వదిలే తొందర తెలుగులో మరీ ప్రమాదం. మన వద్దు, లేదు, కాదు వాక్యం చివరే వస్తాయి. ‘రేవు దగ్గరకి రావద్దు’ అనేటప్పుడు చివర తెగితే ‘రేవు దగ్గరకి రా’ మిగులుతుంది! వరద రోజున అది ప్రాణాల మీదికొస్తుంది. ‘వద్దండి, రేవు దగ్గరకి రావద్దు’ అని వద్దుని ముందూ వెనకా పెట్టాలి. మాట అయ్యాక అర సెకను ఆగి మీట వదలాలి. నొక్కేటప్పుడూ అంతే, రిపీటర్ లేచేలోపు మాట్లాడితే మొదటి అక్షరాలు మింగేస్తుంది.

అమలాపురం నుంచి:
ముగింపుకి ‘ఉంటానండి’ సరిపోతుందా?

రాజోలు నుంచి:
ఇంట్లోవాళ్లకి సరిపోతుంది, రిపీటర్‌కి సరిపోదు. వాళ్లు ఫోను పెట్టేసినా లైను దానంతటదే వదలకపోవచ్చు, డయల్ టోన్ ఛానలంతా మోగుతుంది. ‘ఉంటానండి’కి జవాబు వచ్చాక లైను వదిలే కోడ్ కొట్టి, లైను తెగిందని విని, కాల్‌సైన్ చెప్పి ‘ప్యాచ్ వదిలేశాను’ అనాలి. అప్పుడే ఇంకొకరు అందుకుంటారు.