హాస్టల్ వాచ్‌మన్, కుక్, కామాటికి పోలీసు వెరిఫికేషన్: ఏ స్టేషన్‌కి రాయాలి, ఏం అడగాలి?

కోనసీమ వార్డెన్:
నమస్కారమండి. మాది కోనసీమ జిల్లాలో బాలుర సంక్షేమ హాస్టల్. ఏజెన్సీ ద్వారా నైట్ వాచ్‌మన్‌ని, కుక్‌ని, కామాటిని ఇస్తున్నారు. ముగ్గురి కాయితాలతో పాటు "పోలీసు వెరిఫికేషన్ పూర్తయినది" అని ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద ఒక్క లైను రాసి పంపారు. వాచ్‌మన్ మొన్నమొన్నటిదాకా యానాంలో ఉన్నాడు. సంక్రాంతి కోడిపందేల్లో పట్టుబడిన కేసు ఒకటుందని తెలిసింది, తన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో మాత్రం కేసులు "లేవు" అని రాశాడు. కుక్ రాజోలు వైపు ఆవిడ, కువైట్‌లో పనిచేసి వచ్చింది. ఏజెన్సీ మాట సరిపోతుందా? లేకపోతే ఎవరికి, ఏమని రాయాలి? కోడిపందేల కేసున్న మనిషిని పెట్టుకోవచ్చా?

ఠాణా రికార్డు:
ఏజెన్సీ మాట సరిపోదండి. 2020 పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) నిబంధనల్లో మూడో నియమం చూడండి. పిల్లలు ఉండే సంస్థ గానీ, పిల్లలతో తరచూ పని ఉండే సంస్థ గానీ సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల విచారణ చేయించాలి. పాఠాలు చెప్పేవాళ్ళయినా కాకపోయినా, పర్మనెంటయినా కాంట్రాక్టయినా ఒకటే. ఆ బాధ్యత సంస్థ మీదే పెట్టారు. ఒకసారి చేయించి వదిలేయడం కూడా కుదరదు, మళ్ళీ మళ్ళీ చేయించాలి. ఎన్నేళ్ళకోసారి అన్న అంకె అందులో లేదు కాబట్టి కాంట్రాక్టు రెన్యువల్‌కి ముడిపెట్టుకోండి, మర్చిపోవడం ఉండదు.

చాలామంది పాస్‌పోర్టు ఆఫీసు పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) తెచ్చి ఇస్తారు. అది విదేశాలకి వెళ్ళేవాళ్ళ కోసం ఇచ్చేది, ఇక్కడి ఉద్యోగానికి దాన్ని నమ్ముకోకండి. లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ 2018 నుంచి ఉంది కానీ అది పోలీసు, దర్యాప్తు సంస్థలు చూసుకోవడానికే. మీరు గానీ ఏజెన్సీ గానీ తెరిచి చూడలేరు. అందుకని మీ పై అధికారి ద్వారా ఎస్పీ ఆఫీసుకి, స్పెషల్ బ్రాంచికి చేరేలా ఉత్తరం పెట్టడమే దారి.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. "మా స్టేషన్ పరిధిలో కేసులు లేవు" అని వచ్చిన రిపోర్టుని ఎక్కడా కేసులు లేనట్టు చదువుకుంటారు. ఇప్పుడున్న అడ్రసు ఒక్కటే రాస్తే ఆ ఒక్క స్టేషన్ రికార్డు చూసి పంపేస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండినప్పటి నుంచి ఎక్కడెక్కడ ఉన్నాడో ఏళ్ళతో సహా రాయించి, ప్రతి చోటుకీ విడిగా అడగండి. మీ వాచ్‌మన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. యానాం పుదుచ్చేరిలో భాగం, పోలీసు వేరు. తాళ్ళరేవుకి ఆనుకునే ఉన్నా ఆంధ్రా స్టేషన్ ఇచ్చే రిపోర్టులో యానాం కేసు ఉంటుందని అనుకోవద్దు. యానాం ఎస్పీకి వేరే ఉత్తరం వెళ్ళాలి.

ఇంకోటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు చిరునామా ఏ స్టేషన్ కిందకి వస్తుందో, ఆ స్టేషన్ ఇప్పుడు అమలాపురం ఎస్పీ కిందుందా, కాకినాడ కిందా, రాజమహేంద్రవరం కిందా చూసుకుని రాయండి. పాత అలవాటుతో ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాకి రాస్తే ఉత్తరం టేబుళ్ళ మీద తిరుగుతూ ఉంటుంది.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరం చాలదు. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఊళ్ళో పిలిచే పేరే ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం మారినా కంప్యూటర్‌లో దొరకదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వాడుక పేరు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగు, పాత సర్టిఫికెట్లలో ఉన్న స్పెల్లింగు, ఫొటో అన్నీ జతచేయండి. పెళ్ళయిన ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు, ఆ ఊరు కూడా రాయాలి. మీ కుక్ విషయంలో ఇది తప్పనిసరి.

కోర్టు గుమాస్తా:
పై సమాధానం బాగుందండి. ఉత్తరంలో ఏం అడగాలో నేను చెబుతాను. "ప్రవర్తన మంచిదేనా" అని అడిగితే "మంచిదే" అని వస్తుంది. నిందితుడిగా ఎఫ్‌ఐఆర్ ఉందా, ఛార్జిషీటు పడిందా, కేసు నడుస్తోందా, శిక్ష పడిందా, కొట్టేశారా, రాజీ అయిందా అని విడివిడిగా అడగండి. క్రైమ్ నంబరు, కోర్టులో కేసుకిచ్చే సీసీ (క్యాలెండర్ కేసు) లేదా ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు, కోర్టు పేరు ఇమ్మనండి.

సెక్షన్లు రెండు వరసల్లో రాయాలి. 2024 జులై 1కి ముందు జరిగినవి పాత శిక్షాస్మృతి ఐపీసీ కింద, తర్వాతవి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ కింద ఉంటాయి. మహిళ మర్యాదకి భంగం కలిగించే దాడి పాత 354 ఇప్పుడు 74, అత్యాచారం 376 ఇప్పుడు 64, మాటలతో సైగలతో అవమానించడం 509 ఇప్పుడు 79, కిడ్నాపు 363 ఇప్పుడు 137. వీటితో పాటు పోక్సో, ఐటీ చట్టం 67బి (ఆన్‌లైన్‌లో పిల్లల అశ్లీల చిత్రాలు) పెట్టండి. ఐపీసీ 377ని (అసహజ లైంగిక నేరాలు) మాత్రం వదలొద్దు. బీఎన్‌ఎస్‌లో దానికి సాటి సెక్షన్ లేదు కాబట్టి కొత్త ఫారాల్లో జారిపోతోంది. పోక్సో అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. అంతకుముందు మగపిల్లల మీద జరిగిన అత్యాచారాలు 377 కిందే నమోదయ్యేవి. మీది బాలుర హాస్టల్, నలభై దాటిన అభ్యర్థి ఎవరైనా ఉంటే ఆ ఒక్క అంకె లేకపోవడం వల్ల పెద్ద విషయం కనపడకుండా పోవచ్చు.

కోడిపందేల సంగతి. గేమింగ్ చట్టం, జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం కింద పెట్టే కేసుల్లో చాలామంది నేరం ఒప్పుకుని జరిమానా కట్టేసి వస్తారు. "ఫైన్ కట్టేశాం, ఇంక కేసెక్కడిది" అనుకుంటారు. ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడ్డట్టే. ఫారంలో "శిక్ష పడిందా" అన్న ప్రశ్నకి "అవును" అనే రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని బట్టి, చిన్న నేరమైతే దాన్ని దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. అయితే పోస్టు స్వభావం చూడాలి, ఫారంలో ఆ ప్రశ్న స్పష్టంగా అడిగి ఉండాలి. కాబట్టి అతని దగ్గర రాతపూర్వకంగా వివరణ తీసుకుని, తీర్పు నకలుతో జిల్లా సంక్షేమ అధికారికి పంపండి. మీ స్థాయిలో తేల్చేయొద్దు. నా మటుకు కోడిపందెం ఒక్కటే ఉంటే పక్కన పెట్టాల్సిన పని లేదు. తాగి కొట్లాటలు, బైండోవర్లు (గొడవలు చేయనని పూచీ రాయించుకోవడం) కూడా కనిపిస్తే రాత్రి కాపలాకి ఆ మనిషి వద్దు.

పిల్లల మీద నేరం కేసు కొట్టేశారని చెబితే తీర్పు తెప్పించి చదవండి. సాక్షులు ఎదురుతిరిగి వీగిపోయిన కేసుకీ, అసలు ఆరోపణే అబద్ధమని జడ్జి తేల్చిన కేసుకీ చాలా తేడా ఉంది.

కోనసీమ వార్డెన్:
చాలా థాంక్సండి. కామాటి కుర్రాడికి పదిహేడేళ్ళప్పుడు దొంగతనం కేసు ఉందని ఊళ్ళో అంటున్నారు. అదీ అడగాలా?

పిల్లల సంక్షేమం, భీమవరం:
అడక్కూడదండి. బాలల న్యాయ చట్టం 2015, 24వ సెక్షన్ ప్రకారం బాలుడిగా ఉన్నప్పటి కేసు తర్వాత ఉద్యోగానికి అడ్డం కారాదు. ముగిసిన కేసు వివరం క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా పోలీసులు బయటపెట్టకూడదని 74లో ఉంది. మినహాయింపు ఒక్కటే: పదహారు దాటినవాళ్ళని ఘోర నేరంలో పెద్దవాళ్ళ లెక్కన చిల్డ్రన్స్ కోర్టు విచారించి దోషి అని తేల్చడం. దొంగతనం ఆ కోవలోకి రాదు. ఊరి మాట ఫైలులో ఎక్కించకండి, ఆ కుర్రాడికి అన్యాయం జరుగుతుంది.

కుక్ దగ్గర కువైట్ పోలీసు క్లియరెన్స్ ఉంటే తీసుకోండి. లేకపోతే పాస్‌పోర్టులో రాకపోకల ముద్రల నకళ్ళతో ఏ ఏళ్ళు అక్కడుందో నిర్ధారించుకుని, మిగతా కాలానికి ఇక్కడి స్టేషన్లు అడగండి.

రిపోర్టులు రావడానికి వారాలు పడతాయి. అప్పటిదాకా వాచ్‌మన్‌కి గేటు బయటి డ్యూటీ మాత్రమే ఇవ్వండి. పిల్లలు పడుకునే గదుల తాళాలు, స్నానాల వైపు దారి అతని చేతిలో ఉండకూడదు. రిపోర్టు శుభ్రంగా వచ్చాక కూడా రాత్రిపూట ఒక్క పెద్దమనిషే పిల్లలతో ఉండే ఏర్పాటు వద్దు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయని మనిషి ఏ రికార్డులోనూ ఉండడు. పిల్లవాడు ఏదైనా చెబితే పోక్సో 19 కింద వెంటనే పోలీసులకి చెప్పాలి. సంస్థ పెద్ద దాస్తే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు.

వచ్చిన రిపోర్టుని సీల్డ్ కవర్‌లో పర్సనల్ ఫైలుకి పెట్టండి. తోటి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం జరుగుతోంది, అది ఆపించండి. రిజిస్టర్లో ఉత్తరం నంబరు, ఏ స్టేషన్ నుంచి జవాబొచ్చింది, ఏది రాలేదు, మళ్ళీ ఎప్పుడు చేయించాలి అన్న తేదీ రాసుకుంటే చాలు.