మూరబూల్ షైర్‌లో 12 ఎకరాలు, ఫార్మింగ్ జోన్: ఇల్లు కట్టుకోనిస్తారా?

మెల్టన్_వాసి:
అందరికీ నమస్తే. విక్టోరియాలో బాలన్ దాటాక గోర్డన్ వైపు 12 ఎకరాల ఖాళీ స్థలం అమ్మకానికి ఉంది. ధర చూస్తే మెల్టన్ కొత్త ఎస్టేట్‌లో ప్లాటుకీ దీనికీ పెద్ద తేడా లేదు. ప్రకటనలో "ఇల్లు కట్టుకోవచ్చు, సబ్జెక్ట్ టు కౌన్సిల్ అప్రూవల్" అని రాశారు. జోన్ మాత్రం ఫార్మింగ్ జోన్. నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు, ఓ షెడ్డు, కొన్ని మేకలు, కూరగాయలు, ఇదీ ఆలోచన. పర్మిషన్ వస్తుందా? షైర్ కౌన్సిల్ అంటే మన మండల పరిషత్ లాంటిదేనా, ఎవరి చేతిలో ఏముంటుంది? మేకలుంటే ఫార్మ్ కింద రేట్స్ (కౌన్సిల్‌కి ఏటా కట్టే ఆస్తి పన్ను) తగ్గుతాయా?

కొలతబద్ద:
"సబ్జెక్ట్ టు కౌన్సిల్ అప్రూవల్" అంటే అమ్మేవాళ్లు ఏ హామీ ఇవ్వడం లేదని. ఆ మాటకి విలువ కట్టకండి.

ముందు విక్‌ప్లాన్ (విక్టోరియా ప్రభుత్వ ప్లానింగ్ మ్యాప్) సైట్‌లో ఆ అడ్రస్ కొట్టి ప్లానింగ్ ప్రాపర్టీ రిపోర్ట్ దించుకోండి, ఉచితం. అందులో జోన్ ఒక్కటే చూసి వదిలేస్తారు చాలామంది. అసలు కథ కింద ఓవర్‌లేల దగ్గర, అంటే జోన్ మీద అదనంగా పడే నిబంధనల దగ్గర ఉంటుంది.

జోన్ సంగతి: విక్టోరియాలో ఫార్మింగ్ జోన్‌లో ప్లానింగ్ పర్మిట్ లేకుండా ఇల్లు కట్టుకోవాలంటే మామూలుగా లాట్ కనీసం 40 హెక్టార్లు, అంటే దాదాపు 99 ఎకరాలు ఉండాలి. షైర్ తన షెడ్యూల్‌లో వేరే అంకె రాసుకుని ఉంటే అదే చెల్లుతుంది కాబట్టి మూరబూల్ ప్లానింగ్ స్కీమ్‌లో క్లాజ్ 35.07 షెడ్యూల్ తెరిచి చూడండి. మీ 12 ఎకరాలు 5 హెక్టార్లకి కూడా రావు. అంటే పర్మిట్ తప్పనిసరి, అది ఇవ్వాలా వద్దా అన్నది షైర్ విచక్షణ.

ఆ విచక్షణలో వాళ్లు అడిగేది ఒకటే: ఈ సాగుకి ఇక్కడ ఇల్లు ఎందుకు అవసరం? "ప్రశాంతంగా ఉంటుంది" అన్నది జవాబు కాదు. ఫార్మ్ మేనేజ్‌మెంట్ ప్లాన్ పెట్టాలి: ఏం పండిస్తారు, నీళ్లెక్కడివి, ఎంత పెట్టుబడి, రోజూ మనిషి అక్కడే ఎందుకు ఉండాలి. నాలుగు మేకల మీద రాసిన ప్లాన్ ఏ ప్లానర్ చేతిలోనూ నిలవదు. చిన్న లాట్లలో ఇళ్లు పడితే చుట్టుపక్కల పొలం ధర ఇళ్ల స్థలం ధరకి ఎక్కుతుంది, రైతు కొనలేడు, కొత్తగా వచ్చినవాళ్లు ట్రాక్టర్ మోతనీ మందు వాసననీ తప్పుపడతారు. అందుకే ఆ గట్టిదనం.

షెడ్డు కడితే అందులో ఉండొచ్చు కదా అని కూడా అనుకోవద్దు. సాగుకి వాడే షెడ్డు వేరు, కాపురం వేరు.

తూము:
పైన చెప్పింది జోన్ వరకే. ఆ వైపు అంతకన్నా పెద్ద అడ్డు నీళ్లు.

ఈ షైర్ ఒక్కసారి మ్యాప్‌లో చూడండి. తూర్పున బాకస్ మార్ష్ లోయ: వెరిబీ, లెర్డెర్‌డర్గ్ నదులు కలిసే చోటు, పండ్ల తోటలు, ఇరిగేషన్ కాలువలు. అక్కణ్ణించి ఫ్రీవే పెంట్‌లాండ్ హిల్స్ ఎక్కుతుంది, అది రౌస్లీ ఫాల్ట్ (భూమి పొరల పగులు) గట్టు. పైకి వెళ్తే బాలన్, గోర్డన్, చల్లటి ఎత్తైన నేల. ఇంకా పడమటికి బంగారీ దగ్గర ఆలుగడ్డలు పండే ఎర్ర అగ్నిపర్వత మట్టి. ఉత్తరాన వాంబాట్ అడవి. ఈ ఎత్తు నేల మీద పడ్డ వానే లాల్ లాల్, బోస్టక్, మెరిము లాంటి రిజర్వాయర్లకి పోతుంది. బాలరాట్, జీలాంగ్, మెల్టన్ జనం తాగేది ఆ నీళ్లే. షైర్ విస్తీర్ణం సుమారు 2,110 చదరపు కిలోమీటర్లు. అందులో మూడొంతుల దాకా నీటి పరీవాహక ప్రాంతాలు, అడవులు, పార్కులే.

కాబట్టి మీ రిపోర్ట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సిగ్నిఫికెన్స్ ఓవర్‌లే, షెడ్యూల్ 1 అని ఉందేమో చూడండి. ఆ వైపు చాలా మటుకు ఉంటుంది. తాగునీటి పరీవాహక ప్రాంతాలకి రాష్ట్రం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల లెక్క 40 హెక్టార్లకి ఒక్క ఇల్లు. ఒక కిలోమీటర్ వ్యాసార్థంతో గుండ్రం గీస్తే 314 హెక్టార్లు వస్తుంది, అందులో 8 ఇళ్లు ఉంటే కోటా అయిపోయినట్టే. గోర్డన్ పరిసరాల్లో చిన్న లాట్లు పాత కాలం నుంచి ఉన్నాయి, గుండ్రం గీసేసరికి 8 ఎప్పుడో దాటేసి ఉంటాయి. షైర్‌కి సరైన డొమెస్టిక్ వేస్ట్‌వాటర్ మేనేజ్‌మెంట్ ప్లాన్ (ఇళ్ల మురుగునీటి ప్రణాళిక) ఉండి, వాటర్ కార్పొరేషన్ ఒప్పుకుంటే సడలింపుకి దారి ఉంది, కానీ అది మీ హక్కు కాదు.

ఇక్కడ అసలు మెలిక: ఆ అప్లికేషన్‌ని షైర్ వాటర్ కార్పొరేషన్‌కి పంపి తీరాలి. ఆ కార్పొరేషన్‌ని డిటర్మినింగ్ రిఫరల్ అథారిటీ అంటారు. వాళ్లు వద్దంటే షైర్ ఇవ్వాలనుకున్నా ఇవ్వడానికి లేదు. స్థలాన్ని బట్టి అది సెంట్రల్ హైలాండ్స్ వాటర్, బార్వన్ వాటర్, గ్రేటర్ వెస్టర్న్ వాటర్‌లలో ఒకటి అవుతుంది. ఒక్కోచోట ఇద్దరు కూడా, లాల్ లాల్ నీళ్లు బార్వన్, సెంట్రల్ హైలాండ్స్ పంచుకుంటాయి. కాబట్టి కౌన్సిల్ కంటే ముందు వాళ్లకే ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా ప్రాథమిక అభిప్రాయం తీసుకోండి.

పొలంలోకి సీవర్ లైను రాదు, సెప్టిక్కే. దానికి ల్యాండ్ కేపబిలిటీ అసెస్‌మెంట్ కావాలి: మట్టి ఎంత నీరు పీలుస్తుంది, వాలు ఎంత, వాగు ఎంత దూరం. తాగునీటి పరీవాహక ప్రాంతంలో వాగుకి 100 మీటర్లు, రిజర్వాయర్‌కి 300 మీటర్ల దూరం అడుగుతారు. ఇరుకు పొడవు లాట్ మధ్యలో వాగు పారుతుంటే, 12 ఎకరాల్లోనూ ఇరవై సెంట్ల చోటు మిగలకపోవచ్చు. లెక్క బెడ్‌రూమ్‌ల సంఖ్యకి ఒకటి కలిపి, మనిషికి రోజుకి 150 లీటర్లు. అంటే మీ నాలుగు బెడ్‌రూమ్‌లకి 750 లీటర్లు. స్టడీ, లైబ్రరీ, తలుపేసుకుని పడుకోగల ఏ గదైనా బెడ్‌రూమ్ లెక్కలోకే వస్తుంది. ప్లాన్‌లో పూజగది అని రాసినా మంచం పట్టేంత ఉంటే అడుగుతారు. ముందు ఇన్‌స్టాల్ చేయడానికి పర్మిట్, తర్వాత తనిఖీ, ఆఖర్న వాడుకోవడానికి సర్టిఫికెట్. ఈ మూడూ షైర్ పనే.

రాచబాట:
మండల పరిషత్‌తో పోలిక సగమే కుదురుతుంది. పోలీసు, బడి, ఆసుపత్రి, ఫ్రీవే అన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి. షైర్ చేతిలో ఊరి రోడ్లు, ప్లానింగ్, చెత్త బండి, సెప్టిక్, లైబ్రరీ, పసిపిల్లల ఆరోగ్య కేంద్రాలు, కుక్కల లైసెన్సు, లోకల్ చట్టాలు. కరెంటు లైను పవర్‌కోర్‌ది. విక్టోరియాలో షైర్ అన్నా సిటీ అన్నా చట్టం ముందు అధికారాలు ఒకటే. మూరబూల్ 1994 విలీనాల్లో పుట్టింది, బాకస్ మార్ష్, బాలన్ షైర్లను కలిపి బంగారీ లాంటి వాటి ముక్కలు చేర్చారు. ఆఫీసు ఇప్పటికీ బాలన్‌లోనే ఉంది, జనం ఎక్కువున్నది బాకస్ మార్ష్‌లో అయినా.

కౌన్సిలర్లని నాలుగేళ్లకోసారి పోస్టల్ ఓటుతో ఎన్నుకుంటారు, కిందటిసారి 2024 అక్టోబర్‌లో జరిగింది. మేయర్‌ని వాళ్లలో వాళ్లే ఎన్నుకుంటారు. వాళ్లు నియమించేది ఒక్క సీఈఓని, మిగతా సిబ్బంది అంతా ఆయన కింద. ఉద్యోగికి "ఇది చెయ్" అని కౌన్సిలర్ ఆదేశించడం 2020 లోకల్ గవర్నమెంట్ చట్టం ప్రకారం నేరం. అంచేత సిఫార్సు చేయించుకుందాం అన్న మన అలవాటు ఇక్కడ పని చేయదు సరికదా, ఎదురు తన్నుతుంది. పౌరసత్వం లేకపోయినా అక్కడ ఉంటూ రేట్స్ కట్టేవాళ్లు కౌన్సిల్ ఓటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

రేట్స్: క్యాపిటల్ ఇంప్రూవ్డ్ వాల్యూ, అంటే నేల, కట్టడం కలిపిన విలువ, దాన్ని ఆ వర్గానికి షైర్ పెట్టిన రేటుతో గుణిస్తారు. విలువ ఏటా వాల్యుయర్ జనరల్ కడతారు. పైన చెత్త చార్జీ లాంటివి. బిల్లులోనే 2025 జులై నుంచి ఎమర్జెన్సీ సర్వీసెస్ అండ్ వాలంటీర్స్ ఫండ్ కూడా వస్తుంది, అది షైర్ వసూలు చేసి రాష్ట్రానికి కట్టేది. వాయిదాలు సెప్టెంబర్ 30, నవంబర్ 30, ఫిబ్రవరి 28, మే 31. రాష్ట్రం పెట్టిన రేట్ క్యాప్ (రేట్స్ పెంపుకి గరిష్ఠ పరిమితి) 2025-26కి 3 శాతం. అది షైర్ మొత్తం సగటుకి వర్తించేది. మీ స్థలం విలువ పక్కవాళ్లకంటే వేగంగా పెరిగితే మీ బిల్లు అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది.

మేకలు: చట్టంలో ఫార్మ్ ల్యాండ్ అంటే కనీసం 2 హెక్టార్లు ఉండాలి, లాభం కోసం నడిచే నిజమైన వ్యాపారం అయ్యుండాలి. కొలత మీకు సరిపోతుంది, వ్యాపారమే సరిపోదు.

మెల్టన్_వాసి:
చాలా ధన్యవాదాలండీ. మరి కొనకముందే పర్మిట్‌కి పెట్టొచ్చా? అడ్వాన్స్ ఇచ్చాక కాదంటే?

కొలతబద్ద:
పెట్టొచ్చు. యజమానికి తెలియజేస్తే చాలు, మీరే అప్లికెంట్ కావచ్చు. మంచి పద్ధతి ఏంటంటే కాంట్రాక్ట్‌లోనే ఇంటికి ప్లానింగ్ పర్మిట్ వస్తేనే కొనుగోలు అని స్పెషల్ కండిషన్ రాయించుకోవడం. దాన్ని కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ కాగితాలు చూసే నిపుణులు) చేత రాయించండి, ఏజెంట్ చేత కాదు. గడువు విషయంలో ఉదారంగా ఉండండి. చట్టం చెప్పేది 60 రోజులు, కానీ మొదటి 28 రోజుల్లో షైర్ అదనపు సమాచారం అడిగితే అది ఇచ్చాకే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ల్యాండ్ కేపబిలిటీ రిపోర్ట్ లేకుండా పెడితే అడుగుతారు, అది ఖాయం. ఆక్షన్‌లో పాడితే కండిషనూ లేదు, మూడు పని దినాల కూలింగ్ ఆఫూ (సంతకం చేశాక మనసు మార్చుకునే గడువు) లేదు.

సెక్షన్ 32 (అమ్మేవాళ్లు ఇచ్చే ఆస్తి వివరాల పత్రం) వచ్చాక టైటిల్ మీద సెక్షన్ 173 అగ్రిమెంట్ (నేల వాడకంపై యజమాని కౌన్సిల్‌తో చేసుకున్న ఒప్పందం) ఉందేమో వెతకండి. ఎప్పుడో పాత ఇంటిని విడగొట్టి అమ్మినప్పుడు "మిగిలిన నేలలో ఇంకో ఇల్లు కట్టం" అని రాసిచ్చి ఉంటే అది కొనేవాళ్లకీ వర్తిస్తుంది. అలాంటి లాట్ చవగ్గా రావడంలో వింతేం లేదు. మ్యాప్‌లో గేటు ముందు కనిపించే రోడ్డు నిజంగా వేసి ఉందా అన్నదీ చూడాలి. కాగితం మీదే ఉన్న గవర్నమెంట్ రోడ్డైతే అన్ని కాలాల్లో బండి వెళ్లేలా వేయించే ఖర్చు మీది. తాత్కాలిక వీసా అయితే ముందు ఎఫ్‌ఐఆర్‌బీ (విదేశీ పెట్టుబడుల సమీక్ష బోర్డు) అనుమతి, విక్టోరియాలో ఇళ్ల ఆస్తికి 8 శాతం అదనపు డ్యూటీ సంగతి తేల్చుకోండి.

తూము:
ఇంకొకటి. రిపోర్ట్‌లో బుష్‌ఫైర్ మేనేజ్‌మెంట్ ఓవర్‌లే ఉంటే ఖర్చు మారిపోతుంది. అంత పెద్ద లాట్‌కి మంటలు ఆర్పడానికే విడిగా 10,000 లీటర్ల ట్యాంకు కావాలి, దానికి సీఎఫ్‌ఏ (గ్రామీణ అగ్నిమాపక సంస్థ) గొట్టం పట్టే 64 మిల్లీమీటర్ల అవుట్‌లెట్. ట్యాంకు నుంచి తాగే నీళ్లకి వాడే పైపు అడుగున పెట్టేస్తారు కొందరు ప్లంబర్లు, అప్పుడు ఆ 10,000 లీటర్లూ ఖాళీ అయిపోతాయి, తనిఖీలో కుదరదు. ఇంటి పైపు ఆ మట్టానికి పైన ఉండాలి. ఫైరింజన్ వచ్చే దారి 3.5 మీటర్ల వెడల్పు, 15 టన్నులు మోయాలి. దారి 100 మీటర్లు దాటితే బండి తిప్పుకునే చోటు, 200 దాటితే పక్కకి తప్పుకునే చోటు కూడా. ఇల్లు ఎక్కడో లోపల చెట్ల మధ్య కాకుండా రోడ్డుకి దగ్గరగా గీయించుకుంటే కంకర ఖర్చు తగ్గుతుంది, వాగుకి 100 మీటర్లు వచ్చేలా కూడా చూసుకుని గీయించండి.