వియన్నా ఎన్సెంబుల్ ప్రోతో రెండు కంప్యూటర్ల టెంప్లేట్: చిటపట శబ్దాలు, సేవ్ చేసేటప్పుడు ఆలస్యం

ప్రశ్న:
నమస్కారమండీ. నేను షార్ట్ ఫిల్ములకు నేపథ్య సంగీతం చేస్తుంటాను. సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ క్యూబేస్ నడిచే ప్రధాన కంప్యూటర్‌లో 32 జీబీ ర్యామ్ చాలకపోవడంతో, తీగ వాద్యాలు, ఇత్తడి వాద్యాల కాంటాక్ట్ లైబ్రరీలన్నీ (అసలు వాద్యాల రికార్డింగులతో మోగే సాఫ్ట్‌వేర్ వాద్యాలు) 128 జీబీ ఉన్న రెండో కంప్యూటర్‌కు మార్చి, అక్కడి వాద్యాల ధ్వనిని నెట్‌వర్క్ మీదుగా క్యూబేస్‌కు పంపే వియన్నా ఎన్సెంబుల్ ప్రో ద్వారా అనుసంధానించాను. రెండూ ఇంటి వైఫై మీదే ఉన్నాయి. వయొలిన్ ఒక్కటే వాయిస్తే బాగానే ఉంటోంది గానీ, వాద్యబృందమంతా ఒకేసారి అందుకోగానే చిటపట శబ్దాలు మొదలవుతున్నాయి. పైగా ప్రాజెక్ట్ సేవ్ చేసిన ప్రతిసారీ నిమిషానికి పైగా అంతా ఆగిపోతోంది. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

సమాధానం 1:
ముందుగా వైఫైని పక్కన పెట్టండి. రెండు కంప్యూటర్లనూ క్యాట్-6 కేబుళ్లతో గిగాబిట్ స్విచ్‌కు కలిపి, రెండింటికీ మారని ఐపీ అడ్రసులు ఇవ్వండి. 48 కిలోహెర్ట్జ్, 32 బిట్ల ఆడియో నాణ్యత దగ్గర ఒక స్టీరియో జతకు సెకనుకు సుమారు 3 మెగాబిట్లు పడుతుంది. వంద జతలు కలిసి మోగినా 310 మెగాబిట్లకు మించదు కాబట్టి గిగాబిట్ కేబుల్‌కు అది బరువేమీ కాదు. వైఫైలో అసలు చిక్కు వేగం కాదండీ, ప్యాకెట్లు సమాన వ్యవధిలో అందకపోవడం. ఒక్కటి ఆలస్యమైనా చెవికి తెలిసిపోతుంది.

సమాధానం 2:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. దానితోపాటు క్యూబేస్‌లో పెట్టిన వియన్నా ప్లగిన్‌లోని బఫర్ల (ధ్వనిని ముందుగా కొంత నిల్వ చేసుకునే భాగాలు) సంఖ్య కూడా చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల దగ్గర ఒక్కో బఫర్‌కు 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం చేరుతుంది. నేను రెండు బఫర్లు పెట్టుకుని, వేలితో వాయించే తబలా, డోలక్ వంటి లయవాద్యాలను మాత్రం ప్రధాన కంప్యూటర్‌లోనే ఉంచుకుంటాను, ఎందుకంటే అక్కడ పది మిల్లీసెకన్లు కూడా చేతికి అడ్డు తగులుతాయి.

సేవ్ ఆలస్యానికి మందు అదే ప్లగిన్‌లోని డీకపుల్ మీట. అది నొక్కితే వాద్యాల వివరాలు క్యూబేస్ ఫైల్‌లో చేరవు, సేవ్ క్షణంలో అయిపోతుంది. అయితే ఆ వివరాలుండే వియన్నా ఫైల్‌ను, అంటే సర్వర్ ప్రాజెక్ట్‌ను, రెండో కంప్యూటర్‌లో విడిగా సేవ్ చేసి తీరాలి. ఒకసారి ఆ పని మరిచిపోయిన రాత్రే కరెంటు పోయి, వారం రోజులు కూర్చుని సరిచేసుకున్న మైక్ బ్యాలెన్సులన్నీ పోగొట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కేబుల్ వేసి, రెండు బఫర్లు పెట్టగానే తీగ వాద్యాలు శుభ్రంగా వినిపిస్తున్నాయి, సేవ్ కూడా వెంటనే అవుతోంది. ఫ్రెంచ్ హార్న్‌లు మాత్రం ఇంకా తెగుతుంటే వెతికి చూశాను. ఆ ఒక్క లైబ్రరీ నెమ్మదిగా చదివే పాత హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఎస్ఎస్‌డీకి కాపీ చేస్తున్నాను.