చేప మెదడు కోస్తే చెరువు సంగతి తెలుస్తుందా?

చెరువుగట్టు: మాది బుచ్చిరెడ్డిపాళెం పక్క పల్లె. నిరుడు వరికి మందు కొట్టే రోజుల్లో చెరువులో చేపలు తేలాయి. మందు నీళ్లు దిగాయని కొందరు, గాలి చాలక చచ్చాయని కొందరు. నీళ్లు పరీక్షకు చేరేసరికి నాలుగు రోజులైంది, ఏమీ తేలలేదు. చేప ఒంట్లో ఎంజైములు చూస్తే తెలుస్తుందంటున్నారు. ఆ ఖర్చు పెట్టొచ్చా?

వలరాయుడు: దండగ. తెల్లవారుజామున బొచ్చె, శీలావతి తేలి, కొర్రమీను, మట్టగిడస బతికుంటే ఆక్సిజన్ పడిపోయినట్టే. ఆ రెండూ పైకొచ్చి గాలి పీలుస్తాయి. అవీ తేలితే మందును అనుమానించు. దీనికి ల్యాబు దేనికి?

సూక్ష్మదర్శిని: అది చచ్చినవాటి లెక్క అన్నా. చావకుండా నీరసంగా తిరిగే చేప మాటేమిటి? క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు మెదడులో నరాల సంకేతాలను అదుపులో ఉంచే ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. నీళ్లలో మందు పోయినా ఆ దెబ్బ రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి దొరుకుతుంది. ఆయన నీళ్ల పరీక్ష తప్పింది అక్కడే కదా.

పాతకోటు: నేను కొన్నాళ్లు ఈ పనే చేశాను. కార్బమేట్ అనే ఇంకో రకం పురుగుమందైతే ఎంజైము గంటల్లో కోలుకుంటుంది, ఆలస్యమైతే అదీ దొరకదు. ఇంకో తమాషా, మొదట్లో మేము రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ చూసేవాళ్లం. వల లాగిన నిమిషాల్లోనే అది ఎగబాకుతుంది. తీరా చూస్తే మేము కొలిచింది వలలో పడ్డ చేప టెన్షన్‌ని!

వలరాయుడు: నేనన్నదీ అదేగా.

సూక్ష్మదర్శిని: కార్టిసాల్ తప్పిందని అన్నీ తోసేస్తారా? కెనడాలో 2001 నుంచి 2003 దాకా ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో ఉండే హార్మోన్ కలిపారు, లీటరుకు 5-6 నానోగ్రాములే. ముందు మగ చేపల్లో వైటెల్లోజెనిన్ కనిపించింది, అంటే ఆడ చేప గుడ్డు సొనకు తయారయ్యే ప్రొటీన్. ఆ తర్వాత ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు కనుమరుగైంది. మగ చేపలో గుడ్డు ప్రొటీన్ ఉందని ఏ వల చెబుతుంది?

వలరాయుడు: అది చెప్పదులే. ఒప్పుకున్నా. కానీ ఇక్కడి చేపకు మామూలుగా ఎంత ఉండాలో ఎవడికి తెలుసు?

పాతకోటు: చిక్కంతా అదే. ఎండను బట్టీ, గుడ్లు పెట్టే కాలాన్ని బట్టీ ఈ అంకెలు మారతాయి. మందు కాలవ కలవని కుంటలో, అదే నెలలో, అదే జాతి, అదే సైజు చేప పట్టి పోల్చాలి. అది లేకుండా ఒక్క చెరువు అంకె పట్టుకుని మందు దుకాణం మీదికి పోకండి. పట్టగానే ఐసులో పెట్టండి.

చెరువుగట్టు: అలాంటి కుంట మా పైన ఉంది. ఈసారి మందు కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఒకసారి జిలేబీ చేపలు (తిలాపియా) పట్టిస్తా. కొర్రమీను మాత్రం అడగొద్దు. తల మీరు కోసుకుపోతే పులుసులోకి ఏం మిగులుతుంది?