ట్రాము గుండ్రంగా చుట్టి ఎందుకు వెనుదిరుగుతుంది?

ప్రశ్న (బరంపురం): టొరంటోలో ఉంటున్న మా అబ్బాయి, అక్కడి క్వీన్ వీధి ట్రాము తూర్పు చివర నెవిల్ పార్కు వద్ద పట్టాల మీదే చుట్టు తిరిగి వస్తున్న వీడియో పంపాడు. మన మెమూ రైలులో డ్రైవరు ఈ చివర దిగి ఆ చివర ఎక్కితే సరిపోతుండగా, నగరంలో అంత స్థలం ఈ చుట్టుకు ఎందుకు కేటాయించారు?

జవాబు (పర్లాకిమిడి): మెమూకు రెండు చివరలా డ్రైవరు గది ఉంటుందండీ. టొరంటో ట్రాముకు అది ముందు మాత్రమే ఉంటుంది, తలుపులు కూడా కుడివైపే ఉంటాయి కనుక, వచ్చిన దారినే వెనక్కి నడిపితే ప్రయాణికులు దిగవలసిన పక్కన తలుపుల్లేని బండి గోడే మిగులుతుంది. రెండో గది, రెండో వరుస తలుపులు లేకపోవడం వల్ల ఖర్చు తగ్గి, సీట్లకు చోటు పెరుగుతుంది. కలకత్తాలో ఎస్ప్లనేడ్ వద్ద కూడా ట్రాములు ఇలాగే చుట్టి వస్తాయి.

జవాబు (రాయగడ): ఆ నగరంలోనే లాంగ్ బ్రాంచ్ వద్ద ఇలాంటి చుట్టులోనే ట్రాములూ బస్సులూ ఒకే ప్రాంగణంలో ఆగుతాయి కాబట్టి, బండి మారేవారు రోడ్డు దాటనక్కరలేదు. మన బస్టాండులో కండక్టరు వెనక నిలబడి, ఈల వేస్తూ, బండిని అరచేత్తో చరుస్తూ రివర్సు చేయించే తంతు బస్సుకూ తప్పుతుంది. దీనిలో ఇబ్బంది చప్పుడే: వంపు వ్యాసార్థం సుమారు 11 మీటర్ల వరకు కుదించుకుపోయే చోట, ఒకే ఇరుసుకు బిగించిన చక్రాల్లో బయటిది ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోవాలి గనుక, చక్రం పట్టాపై జారి కీచుమంటుంది.