సున్నా ఇష్యూ పుస్తకాల మీద స్టడీ చేస్తున్నాను, మీ అనుభవాలు చెప్పండి

కొత్త లైబ్రేరియన్:
కాలేజీ లైబ్రరీలో చేరి మూడేళ్లయింది. పదేళ్లుగా ఒక్కసారీ ఇష్యూ కాని పుస్తకాల మీద స్టడీ మొదలుపెట్టాను. లిస్టు తీస్తే అరలకు అరలే తేలాయి, టెన్షన్ పట్టుకుంది. ఇష్యూ లెక్క ఒక్కటే నమ్మొచ్చా? పాఠకుల అభిప్రాయం సర్వేతో తీసుకోవాలా, కూర్చోబెట్టి మాట్లాడాలా? పేపర్ ఏ జర్నల్‌కి పంపాలి?

అరల మధ్య:
నమ్మొద్దు తమ్ముడూ. నేను నమ్మి దెబ్బతిన్నాను. పాత గణితం పుస్తకాల సెట్ ఒకటి ఉండేది, రికార్డులో సున్నా. రైట్ ఆఫ్ లిస్టులో, అంటే రికార్డు నుంచి కొట్టేసే లిస్టులో, నా చేత్తోనే రాశాను, పోయింది. నెల తిరక్కుండానే ఒక రీసెర్చ్ విద్యార్థిని వచ్చి ఖాళీ అర ముందు నిలబడిపోయింది. రెండేళ్లుగా అక్కడే కూర్చుని చదువుకుని, పుస్తకం మళ్లీ దాని చోటే పెట్టి వెళ్లేదట. అంత పద్ధతిగా సర్దిపెట్టడం వల్లే ఆ వాడకం ఎక్కడా నమోదు కాలేదు. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

26 ఏళ్ల సర్వీసు:
ఒక్క సెట్ కథ చెప్పి పిల్లాణ్ణి భయపెట్టకండి. 26 ఏళ్లుగా ఇదే పని, మూడు లైబ్రరీల్లో వీడింగ్, అంటే వాడని పుస్తకాలు ఏరి తీసేయడం, చేయించాను. అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ స్టడీ చదివారా? 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్లలో ఒక్కసారీ ఇష్యూ కాలేదు. అదే 1969లో లైబ్రరీ వాడకం మీద పరిశోధించిన ట్రూస్‌వెల్ 80-20 లెక్క చెప్పాడు, ఇష్యూల్లో 80 శాతం 20 శాతం పుస్తకాల మీదే నడుస్తుందని. డేటా చేతిలో ఉన్నాక చెయ్యి వణకకూడదు.

చివరి కాపీ:
సార్, ఆ పిట్స్‌బర్గ్ లెక్క 1979లో బయటికొచ్చినప్పుడే అక్కడి అధ్యాపకులు దాని పద్ధతిని తప్పుపట్టారు. అయినా ఒక్క యూనివర్సిటీ లెక్కని ప్రతి లైబ్రరీకీ ఎలా అంటగడతారు? ఆరేళ్లు తెరవని పుస్తకం ఏడో ఏట తెరవరని ఎవరైనా రాసిచ్చారా? మీ మూడు లైబ్రరీల్లో తీసేముందు, ఇంకెక్కడైనా కాపీ ఉందో లేదో చూశారా?

26 ఏళ్ల సర్వీసు:
చూడకుండా ఎందుకు చేస్తాను? నా పని చూడకుండా మాట జారకండి. మన లైబ్రరీ సైన్స్ పెద్ద రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమని. కిక్కిరిసిన అరల్లో పావుగంట వెతికించి మీరు ఆదా చేస్తున్నదేమిటి?

అరల మధ్య:
మూడోది దాటేసి నాలుగోదానికి వెళ్లారేం? ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడు. ఆ పాఠకుడు ఇంకా రాలేదంటే తప్పు పుస్తకానిదా?

26 ఏళ్ల సర్వీసు:
పాఠకుణ్ణి పుస్తకం దగ్గరికి చేర్చమని ఆ సూత్రం. దుమ్ములో దాచిపెట్టమని కాదు.

కేటలాగ్ పిచ్చి:
చేర్చాల్సింది కేటలాగే కదా సార్. మా సున్నా లిస్టు పట్టుకుని అర అర తిరిగాను. కొన్ని అసలు అరలో లేవు, స్టాక్ వెరిఫికేషన్‌లోనే పోయినట్టు తేలాల్సినవి. కొన్నింటికి కాల్ నంబర్, అంటే అరలో చోటు చెప్పే నంబర్, తప్పు. ఇంకొన్నింటికి కేటలాగ్‌లో విషయం పేరు, అదే సబ్జెక్ట్ హెడింగే లేదు, టైటిల్ తెలిస్తే తప్ప దొరకవు. వాటికి హెడింగులు, విషయసూచికలు ఎక్కించాను. ఆ సెమిస్టర్‌లోనే కొన్ని బయటికి వెళ్లాయి. మొదటిది ఇష్యూ అయినప్పుడు కౌంటర్ దగ్గర నేనే స్కాన్ చేశాను, ఆ సంతోషం ఇంకా ఉంది.

కోహా కుర్రాడు:
గొడవ ఎందుకన్నా, కూర్చుని చదివేదీ లెక్కపెట్టొచ్చు. చదివిన పుస్తకం బల్ల మీదే వదిలేయండని బోర్డు పెట్టండి. సాయంత్రం సర్దేముందు అన్నీ స్కాన్ చేయండి. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో స్టాటిస్టికల్ పేట్రన్, అంటే లెక్క కోసమే పెట్టే ఉత్తుత్తి సభ్యుడి ఖాతా, పెట్టుకుంటే ఆ పేరు మీద లోకల్ యూజ్‌గా, అంటే లోపలి వాడకంగా ఎక్కుతుంది. పరీక్షల ముందు మూడు వారాలు, మామూలు రోజుల్లో మూడు వారాలు చేయండి, తేడా కనిపిస్తుంది. కొందరు ఎలాగూ అరలోనే పెట్టేస్తారు, కాబట్టి వచ్చిన లెక్క అసలు వాడకం కంటే తక్కువేనని పేపర్లో రాయండి.

డౌన్‌లోడ్ లెక్కలు:
అందరూ కాగితం పుస్తకాల మీదే పడ్డారు. బడ్జెట్ మింగేది ఈ-జర్నల్స్! ఈ-జర్నల్స్ వాడకం ఎలా లెక్కపెట్టాలో చెప్పే ప్రమాణం కౌంటర్ (COUNTER), దాని రిలీజ్ 5 రిపోర్టులు 2019 జనవరి నుంచి మొదలయ్యాయి. ఒకే సెషన్‌లో ఒకే ఆర్టికల్‌ని వెబ్ పేజీలోనూ పీడీఎఫ్‌లోనూ తెరిస్తే టోటల్ రిక్వెస్ట్స్ రెండు, యూనిక్ ఒకటి. మా దగ్గర టోటల్‌ని పట్టుకుని ఒక్కో వాడకానికి ఖర్చు కట్టారు. చౌకగా కనిపించింది, ప్యాకేజీ రెన్యువల్ అయిపోయింది. ఆ మీటింగ్‌లో నేను గట్టిగా మాట్లాడి ఉండాల్సింది.

రాత్రి డ్యూటీ:
రిసెర్చ్ అంటున్నారు, టైమ్ ఎక్కడుంది? కౌంటర్ మూసేశాక రాత్రి పదింటికి రాసుకుంటాను. ఒక సిస్టమాటిక్ రివ్యూకి, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ పద్ధతిగా వెతికి రాసే పేపర్‌కి, సెర్చ్ అంతా నేనే కట్టాను, డేటాబేస్ డేటాబేస్‌కీ మార్చి మార్చి. అచ్చయ్యాక రచయితల్లో నా పేరు లేదు, చివర థ్యాంక్స్ కూడా లేదు. ముందే మాట్లాడుకోండి, మెయిల్‌లో రాయించుకోండి.

చివరి కాపీ:
అక్కా, ఇది వేరే థ్రెడ్ పెట్టాల్సిన విషయం. మా దగ్గరా ఇదే జరిగింది.

కొత్త లైబ్రేరియన్:
అందరికీ థ్యాంక్స్. ఇవాళే లిస్టుతో అరలు తిరగడం మొదలుపెట్టాను, మొదటి అరలోనే మూడు పుస్తకాలు కనిపించలేదు. సర్వే, జర్నల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాత్రి డ్యూటీ:
జర్నల్ అయితే కాలేజ్ అండ్ రీసెర్చ్ లైబ్రరీస్ చూడండి. 1939 నుంచి వస్తోంది, ఉచితంగా చదవొచ్చు, రాసేవాళ్ల దగ్గరా ఫీజు తీసుకోదు.

అరల మధ్య:
సర్వేలో లైబ్రరీ ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే టిక్ పెడతారు. కూర్చోబెట్టి అడుగు: చివరిసారి కావలసిన పుస్తకం దొరకనప్పుడు ఏం చేశావు? ఎవర్ని అడిగావు? జరిగింది చెప్పమంటే చెబుతారు. లైబ్రరీకి రానివాళ్లని కూడా అడగాలి, వాళ్లనే మర్చిపోతాం.

26 ఏళ్ల సర్వీసు:
బాబూ, ఆ బల్లల మీది లెక్క వచ్చాక ఇక్కడే పెట్టు. నా పాత లిస్టులు తీసి ఉంచుతాను, ఏ సబ్జెక్టుల్లో తేడా వస్తుందో పోల్చి చూద్దాం.