ఏఐ కంపెనీలు రాయల్టీ ఇస్తే అది ఎవరికి రావాలి?

తిరుచానూరు_కథకుడు:
2025 డిసెంబర్లో కేంద్రంలో పరిశ్రమలు, అంతర్గత వాణిజ్యం చూసే శాఖ (డీపీఐఐటీ) ఒక వర్కింగ్ పేపర్ బయటపెట్టింది. కాపీరైట్ చట్టాన్ని ఏఐ కోసం ఎట్లా మార్చాలనేదాని మీద. అందులో ప్రతిపాదన ఏంటంటే, అచ్చయిన మన పుస్తకాల్ని ఏఐ కంపెనీలు మనల్ని అడక్కుండానే ట్రైనింగ్‌కి, అంటే ఏఐకి నేర్పడానికి, వాడుకోవచ్చు, వద్దనే హక్కు మనకు ఉండదు. బదులుగా వాళ్లకు సంపాదన మొదలయ్యాక అందులోంచి రాయల్టీ కట్టాలి, దాన్ని ఒకే కేంద్ర సంస్థ వసూలు చేసి పంచుతుంది, రేటు ప్రభుత్వం వేసే కమిటీ చెప్తుంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. నా కథ ఇస్తానో ఇవ్వనో చెప్పాల్సింది నేను. మన తిరుపతి, చిత్తూరు వైపు రాసేవాళ్లు, అమ్మేవాళ్లు ఏమంటారు?

గాంధీరోడ్డు_పుస్తకాలు:
అన్నా, ఏఐ సంగతి తర్వాత చూద్దాం, ముందు జిరాక్సు ఆపమను. గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే చాలు, మేం వేసిన మెటీరియల్ టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ అయిపోతుంది, దాన్నే తీసుకెళ్లి స్పైరల్ బైండింగ్ చేయించుకుంటారు. మా షాపుకొచ్చి పుస్తకం తిరగేసి, ఫోన్లో ఫొటోలు తీసుకుని, పెన్ను కొనుక్కుని పోతారు. వీళ్లని ఏ చట్టం పట్టుకుంది?

ఎస్వీయూ_ఎంఏ:
జిరాక్సు తప్పేం కాదు సార్. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జిరాక్సు షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్లు 2012లో కేసు వేస్తే 2016లో హైకోర్టు విద్యార్థుల వైపే మాట్లాడింది. 2017లో పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు. కాపీరైట్ చట్టంలో మినహాయింపులు చెప్పే సెక్షన్ 52 చదవండి.

గాంధీరోడ్డు_పుస్తకాలు:
చదివాను బాబూ. అది సిలబస్‌కి కావాల్సిన పేజీలు కలిపి ఇచ్చిన కోర్స్ ప్యాక్ గురించి. గైడు మొత్తం అట్ట నుంచి అట్ట దాకా దించుకోమని ఎక్కడుంది?

ఎస్వీయూ_ఎంఏ:
ఎన్ని పేజీలు దాటితే తప్పో ఆ సెక్షన్లో లెక్క రాసి ఉందా? చూపించండి.

చిత్తూరోడు:
టాపిక్ ఏఐ. మీరిద్దరూ జిరాక్సు మిషన్ దగ్గరే నిలబడిపోయారు.

గాంధీరోడ్డు_పుస్తకాలు:
రెండూ ఒకటే. చట్టబద్ధంగా చేతికొచ్చిన పుస్తకాలే వాడాలని ఆ పేపర్లో ఉందంట. టెలిగ్రామ్ పీడీఎఫ్‌ని ఏఐ మింగితే ఎవరు కక్కిస్తారు? అందుకే నేనేమంటానంటే, ఎట్లాగూ ఆపలేం, డబ్బులైనా రానీ. కథకుడు గారికి ఉద్యోగం ఉంది, వద్దు అనగలరు. మాకు షాపు అద్దె ఉంది.

గైడు_మాస్టారు:
డబ్బులు ఎవరికి రావాలంటున్నారు? చెప్పండి వింటాం. నేను ఇంటర్‌కి ఎకనామిక్స్ గైడు రాసిచ్చాను, ఏ షాపుకో పేరు వద్దులెండి. పేజీకింతని చేతిలో పెట్టారు, కాగితం లేదు, సంతకం లేదు. ఆ గైడు ఇప్పటికీ ప్రింటవుతోంది. మొదటి పేజీలో నా పేరు తీసేసి 'అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం' అని వేసుకున్నారు. ఆ బృందం నేనొక్కడినే.

గాంధీరోడ్డు_పుస్తకాలు:
అందర్నీ ఒకే గాటన కట్టొద్దు మాస్టారూ. కానీ డబ్బు తీసుకుని రాసిచ్చాక ఆ పుస్తకం వేసినవాడిదే. సిలబస్ మారితే తూకానికి అమ్ముకునేది ఎవరు? పేపరు ధర పెరిగితే భరించేది ఎవరు? వాపసొచ్చిన కట్టలు గోడౌన్లో చెదలు తింటే మీరొచ్చి నష్టం పంచుకున్నారా? ఏఐ రాయల్టీ అంటూ వస్తే అది మాకే రావాలి.

తిరుచానూరు_కథకుడు:
అదేం న్యాయం? సెక్షన్ 19 చూడండి. హక్కులు రాసిచ్చినట్టు సంతకంతో కాగితం ఉండాలి, లేకపోతే ఆ బదిలీయే చెల్లదు. కాగితం ఉండి కూడా అందులో కాలం రాయకపోతే ఐదేళ్లే. మాస్టారు మీ దగ్గర ఉద్యోగి కాదు కదా. అంటే ఆ గైడు ఈరోజుకీ ఆయనదే, ఆయన పోయాక ఇంకో 60 ఏళ్లు ఆయన పిల్లలది. పేరు తీసేయడం వేరే తప్పు, దానికి సెక్షన్ 57 ఉంది.

గాంధీరోడ్డు_పుస్తకాలు:
నువ్వా నాకు చట్టం చెప్పేది? నీ కథల పుస్తకం నా షాపులో పెట్టుకుని అమ్మిపెట్టమని తెచ్చి, అదే నెలలో వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్ పంచింది నువ్వు కాదా? ఫ్రీగా పంచుకున్నోడికి ఏఐ తీసుకుంటే మంటెందుకు?

మోడరేటర్:
ఏకవచనాలు వద్దు. ఇంకోసారి అయితే లాక్ చేస్తాను.

తిరుచానూరు_కథకుడు:
పంచాను. నా చెల్లెలి ఊళ్లో పుస్తకాల షాపు లేదు, అక్కడి వాళ్లు చదవాలని పంచాను. ఎవరికివ్వాలో నేను అనుకుని ఇచ్చాను. మీరు రాయల్టీ రాయల్టీ అంటున్నారు, నేను మొదటి నుంచీ అడుగుతున్నది నన్ను అడగమని. మాస్టారు అడుగుతున్నదీ అదే, మీకు డబ్బు మాటే వినిపిస్తోంది.

గైడు_మాస్టారు:
లేదు నాయనా, నేను డబ్బు కూడా అడుగుతున్నాను. నాకు పెన్షన్ రాదు.

చిత్తూరోడు:
హహ. కథకుడు అన్నకి సొంత పార్టీలోనే చీలిక.

ఎస్వీయూ_ఎంఏ:
ఒక ముక్క. ఆ రాయల్టీ తమ రచనలు ఆ కేంద్ర సంస్థ దగ్గర నమోదు చేసుకున్నవాళ్లకే అని చదివాను. మామూలుగా కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. ఇక్కడ మాత్రం పేరు ఎక్కించినవాడికే చెక్కు. మాస్టారి గైడుని ముందుగా వెళ్లి ఎవరు ఎక్కిస్తారు? ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు), బిల్లులు, ఆఫీసూ ఉన్న షాపతనే కదా.

గాంధీరోడ్డు_పుస్తకాలు:
ఎక్కిస్తాం. ఎందుకు ఎక్కించం? మాస్టారూ, మీరెవరికి రాసిచ్చారో నాకు తెలీదు, నేనైతే డబ్బిచ్చిన ప్రతివాళ్ల దగ్గరా రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకున్నాను. ఫైలు పదిలంగా ఉంది.

గైడు_మాస్టారు:
అది డబ్బు ముట్టిందని రసీదు. హక్కులిచ్చానని అందులో ఒక్క లైను ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

గాంధీరోడ్డు_పుస్తకాలు:
షాపు మూసే టైమైంది. రేపు మా ఆడిటర్‌ని అడిగి పెడతాను.

చిత్తూరోడు:
ఆడిటర్ని కాదన్నా, లాయర్ని అడుగు.